గోపి పేరున్న అట్ట

రూబీ తన జువాలజీ రికార్డుకి అట్ట వేసి ఏడు నెలలైంది. ఖాకీ కాగితం మూలలు చక్కగా లోపలికి మడిచి, మీద పేరు చీటీ అంటించింది. లోపల మొదటి పేజీలో పద్దెనిమిది బొమ్మల జాబితా రాసి, దాని చుట్టూ రంగు పెన్నులతో చిన్న చిన్న పువ్వులు గీసింది. ఆ పువ్వుల దగ్గరే పని ఆగిపోయింది. ఆ తరవాత పేజీలన్నీ తెల్లగానే ఉన్నాయి.

పోనీ ఒట్టి బద్ధకస్తురాలని తేల్చేద్దామా అంటే అలా అనడానికీ లేదు. విజయనగరంలో కాలేజీ పక్కన గణపతిరావు జిరాక్స్ షాపులో రోజూ మధ్యాహ్నం నుంచి సాయంత్రం రైలు దాకా పనిచేస్తుంది. మిషను ఖాళీగా ఉన్నప్పుడు క్లాసులో వాళ్ళ రికార్డులు రాసిపెడుతుంది. వాళ్ళు ఇచ్చేది ఇంట్లో కూరలకి, తమ్ముడు సంజయ్ బస్సు పాసుకి సరిపోతుంది. రూబీ గీసిన బొద్దింక మీసాలు చూసి జువాలజీ మేడమే మెచ్చుకుందని చెప్పుకుంటారు. ఈ ఏడాది పదకొండు మందికి రాసింది. పన్నెండోది తనది. దానికి మాత్రం చెయ్యి రాలేదు.

"ఊరందరికీ శకునం సెప్పిన బల్లి కుడితిలో పడ్డాదట. అలగే ఉన్నాది నీ యవ్వారం," అని వాళ్ళమ్మ వెంకటలక్ష్మి ముందే అంది. ఆలస్యం అమృతం విషం అని కూడా అంది. వాళ్ళ నాన్న కృపారావు కొత్తవలస ఇవతల రైల్వే గేటు దగ్గర గేట్‌మేను. ఆయనది నిదానమే ప్రధానం. ఒకే ఇంట్లో రెండు సామెతలుంటే మనిషి తనకి పనికొచ్చేదే పట్టుకుంటుంది కదా, రూబీ నాన్న సామెత పట్టుకుంది.

అక్కడితో ఆగినా బాగుండేది. పది రోజుల కిందట ఆయన అన్నం తింటూ "రికార్డు ఐపోనాదా తల్లీ?" అని అడిగితే, ఫోను చూసుకుంటూ "ఐపోనాది నాన్నా" అనేసింది. ఆయన ఆ మాటని ఆ పూటకి వదిలెయ్యలేదు. ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ లేచి నిలబడి, "నా కూతురు పనీ సదువూ రెండూ సేసుకుంటా రికార్డు పూర్తి సేసుకున్నాది. దేవునికి స్తోత్రం," అన్నాడు. సంఘమంతా ఆమెన్ అంది. రూబీ కూడా అంది. ఏం చేస్తుంది మరి, పక్కనే వాళ్ళమ్మ కూర్చుని ఉంది.

ఇవాళ బుధవారం. నాలుగు గంటల్లోపు రికార్డు మీద పద్మకుమారి మేడం సంతకం పడాలి. సంతకం లేకపోతే రేపటి ప్రాక్టికల్‌కి రానివ్వరు. ప్రాక్టికల్ పోతే ఈ ఏడాది డిగ్రీ పోయినట్టే. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి రూబీ.

అందుకే తెల్లారి బండికే బయల్దేరింది, కాలేజీ లైబ్రరీలో కూర్చుని సాయంత్రం లోపు ఎలాగైనా రాసెయ్యాలని. బయల్దేరేటప్పుడు సంజయ్ తన ఇంటర్ ప్రాజెక్టు తెచ్చి "అక్కా, పై పేజీ ఒక్కటే" అన్నాడు. అది రాసిచ్చింది. రైల్లో ఓ మూల సీటు దొరికింది. రికార్డు ఒళ్ళో పెట్టుకుని, ముందు ఒక్క వీడియో చూద్దామనుకుంది, చూస్తూండగానే విజయనగరం వచ్చేసింది. లైబ్రరీ మెట్లెక్కుతుంటే గణపతిరావు ఫోను చేశాడు.

"గుంటా, మిషను కాయితాలు నమిలీస్తన్నాది. బయట ఇరవై మంది నిల్చున్నారు. ఒక్కసారొచ్చి ఎల్లిపో."

"ఇవాళ నాకు పనున్నాది మావా," అనాలి. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఫోను వచ్చినందుకు లోపలెక్కడో హాయిగా అనిపించింది. ఆ హాయి ఏమిటో ఆమెకే అర్థం కాలేదు. ఏడాది పోయేలా ఉంటే మనిషికి భయం వెయ్యాలి గానీ హాయేమిటి? ఆలోచిస్తూనే షాపుకి నడిచింది.

పదకొండున్నరకి జనం తగ్గారు. షాపు ఆమెకి అప్పజెప్పి గణపతిరావు భోజనానికి వెళ్ళాడు. తిన్నాక నిద్రపోతాడు, నాలుగు దాటితేగాని రాడు. రూబీ బల్ల మీద తన రికార్డు తెరిచింది. పెన్సిలు చెక్కింది. ఉన్న పెన్సిళ్ళన్నీ చెక్కింది. మిషను అద్దం తుడిచింది. రబ్బరు మురికిగా ఉందని దాన్ని గోడకేసి రుద్ది శుభ్రం చేసింది. మొదటి బొమ్మ బొద్దింక నోరు, కళ్ళు మూసుకున్నా గీయగలదు. పెన్సిలు కాగితం మీద ఆనించగానే చెయ్యి బరువెక్కిపోయింది. 'ఇప్పుడు మొదలెడితే మాత్రం పద్దెనిమిది ఎక్కడౌతాయి' అని ఒక మనసు, 'మొదలెట్టకపోతే ఒక్కటీ అవదు కదే' అని ఇంకో మనసు. రెండూ నిజమే అనిపించి ఏడుపొచ్చింది.

అప్పుడు చూసింది, సొరుగులో ఉన్న గోపి రికార్డుని.

గోపి ఆమె క్లాసే. ఆమదాలవలసలో వాళ్ళ నాన్నకి ధాన్యం కొట్టుంది. వారంలో నాలుగు రోజులు అక్కడ బస్తాల దగ్గరే ఉంటాడు, అందుకే రికార్డు రూబీకి ఇచ్చాడు. సోమవారమే పూర్తయింది. సర్టిఫికెట్ పేజీలో పేరు ఇంకా రాయలేదు, ఇవాళ మూడున్నర బండికి వచ్చి తానే రాసుకుంటానన్నాడు. అంటే ఆ పుస్తకం మీద గోపి అన్న మాట ఉన్నది ఒక్కచోటే, పైన ఖాకీ అట్ట మీద.

రూబీ వీధిలోకి చూసింది. ఎవరూ లేరు. అట్ట విప్పింది. తన అట్ట కూడా విప్పింది. రెండు పుస్తకాలూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి. రెండు నిమిషాల్లో గోపి పుస్తకానికి రూబీ అట్ట, రూబీ పుస్తకానికి గోపి అట్ట ఎక్కాయి. అందులో ప్రతి గీతా నేను గీసిందే కదా, ఇది దొంగతనం ఎలా అవుతుంది అనుకుంది. మరి దొంగతనం కాకపోతే మళ్ళీ మళ్ళీ వీధి వైపు ఎందుకు చూస్తోందో తెలియలేదు.

ఇప్పుడు రూబీ రికార్డు పూర్తయింది. గోపి రికార్డు ఖాళీగా ఉంది.

అయ్యో, పాపం గోపి మూడున్నరకి వచ్చేస్తాడే అనుకుంది వెంటనే.

అంతే, పెన్సిలు తీసింది. బొద్దింక నోరు పది నిమిషాల్లో వచ్చేసింది. పక్కన పది లైన్లు రాసేసి పేజీ తిప్పింది. వానపాము, జలగ, ఆల్చిప్ప. పన్నెండో సారి కదా, చెయ్యి దాని దారిన అది పోతోంది. మధ్యలో ఇద్దరు వచ్చి ఆధార్ కాపీలు అడిగితే తీసిచ్చి మళ్ళీ కూర్చుంది. ఫోను రెండుసార్లు మోగితే తిరగేసి పెట్టింది. అన్నం డబ్బా తెరవలేదు. గోపి గడపలోకి వచ్చి "రూబీ" అనేసరికి పదిహేడో బొమ్మ, పీత, సగంలో ఉంది.

అతను రైలు దిగి పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, చొక్కాకి ఇంకా ఊక అంటుకుని ఉంది. బల్ల మీద రెండు రికార్డులూ చూశాడు. రూబీ అన్న పేరున్నది మూసి పక్కన పెట్టుంది. గోపి అన్న పేరున్నదాంట్లో ఇంకా రాస్తోంది.

"ఇదేటే, నాది ఇంకా ఐపోలేదా? సోమవారమే ఐపోనాది అన్నావు," అన్నాడు. తరవాత మెల్లగా, "పోనీలే, ముందు నీది రాసుకున్నావు. రాసుకోవాల కదా," అన్నాడు.

కోప్పడి ఉంటే రూబీ ఏదో ఒకటి అల్లి చెప్పేదే. ఆ 'పోనీలే' తట్టుకోలేకపోయింది.

"ఇది నీది కాదురా. నాది."

గోపి అట్ట మీద పేరు చూశాడు. "నా పేరున్నాది కదే."

"అట్టలు మార్చీసినాను. నీది తీసీసుకుందామనుకున్నాను. నాది ఒక్క ముక్క రాయలేదు గోపీ, ఏడు నెల్లనుంచి."

గోపి మొదటి పేజీ తిప్పాడు. పువ్వులు చూశాడు. బొమ్మలన్నీ ఒక్కొక్కటీ చూసుకుంటూ పీత దాకా వచ్చాడు.

"మరి ఇవన్నీ ఎప్పుడు గీసినావు?"

"ఇప్పుడే. పన్నెండు కాడ నుంచి."

"నీది నువ్వు రాసుకోడానికి నా పేరెందుకే?"

"నీ పేరుంటే గానీ చెయ్యి కదల్లేదు. ఎందుకో నాకూ తెలీట్లేదు," అని రూబీ ఏడ్చేసింది.

గోపికి కూడా ఏమీ తెలియలేదు. ధాన్యంలో తేమ ఎంతుందో పంటికింద గింజ కొరికి చెప్పగలడు గానీ ఇలాంటివి అతనికి రావు. రెండు అట్టలూ విప్పి తనది తన పుస్తకానికి తొడిగాడు. రూబీ అట్ట ఆమె పుస్తకానికి తొడగబోతే ఆమె గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇప్పుడే వెయ్యకురా. ఈ పీతా, ఇంకో బొమ్మా ఉన్నాయి. నా పేరు సూస్తే మళ్ళీ ఆగిపోతాది."

"ఎర్రిదానా," అన్నాడు గోపి, కానీ వెయ్యలేదు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "కానీ. నాలుగవడానికి ఇరవై ఐదు నిమిషాలున్నాది. నువ్వు గియ్యి, పెన్సిలు నేను సెక్కుతాను."

పద్దెనిమిదో బొమ్మ కాగానే రూబీ అట్ట తొడిగి, సర్టిఫికెట్ పేజీల్లో పేర్లు రాసుకుని, షాపు తలుపు వేసి, నాలుగుకి ఐదు నిమిషాలుందనగా ఇద్దరూ మేడం గది గుమ్మం ముందు నిలబడ్డారు. పద్మకుమారి మేడం గోపి రికార్డు మీద తల ఎత్తకుండా సంతకం చేసింది. రూబీది తీసుకుని పేజీలు నెమ్మదిగా తిప్పింది. పీత దగ్గర ఆగింది. కాగితం మీద పెన్సిలు పొడి ఇంకా వేలికి అంటుతోంది.

"ఈ వారం ఈ చేతిరాత మీద పది సంతకాలు పెట్టాను. ఇప్పుడు పెట్టింది పదకొండోది," అంది మేడం. "ఈ చెయ్యి తన రికార్డు ఎప్పుడు తెస్తుందా అని సోమవారం నుంచి చూస్తున్నాను. దీనికెంతకాలం పట్టిందమ్మా?"

రూబీకి అబద్ధమాడే ఓపిక లేదు.

"ఏడు నెలల నాలుగు గంటలు మేడం."

మేడం ఆమె వైపు చూసి సంతకం చేసింది.

సాయంత్రం బండిలో కిటికీ పక్కన కూర్చుంది రూబీ. సంతోషించాలని తెలుసు, సంతోషం ఇంకా రాలేదు. సోమవారం నుంచి థియరీ పరీక్షలు. సంచిలో నోట్సు ఉంది, దానికీ ఏ నెలలోనో వేసిన చక్కటి అట్ట ఉంది. ఇప్పుడు దీని మీద ఎవరి పేరు రాయాలి? షాపులో తన ముందుకొచ్చి నిలబడ్డవాళ్ళందరినీ గుర్తు చేసుకుంది. ఎవరినీ ఒట్టి చేతులతో పంపలేదు. 'రేపు రా' అని ఒక్కర్తికే చెప్పింది. ఆ ఒక్కర్తీ ఏడు నెలలు రోజూ వచ్చింది, రేపు రమ్మంటే మారు మాట్లాడకుండా వెళ్ళిపోయింది. ఆ పిల్ల మీద రూబీకి జాలేసింది. జీవితంలో మొదటిసారి తన మీద తనకి జాలేసి, అది మంచిదో చెడ్డదో తెలియక ముక్కు చీదుకుంది.

కొత్తవలసలో దిగి ఇంటికి పోలేదు, పట్టాల పక్క దారిలో గేటు దగ్గరికి నడిచింది. కృపారావు గేటు వేసి, పచ్చజెండా చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. రూబీ రికార్డు చూపించింది.

"సంతకం పడ్డాది నాన్నా. కానీ ఇది ఇవాళే రాసినాను. ఆ రోజు ఐపోనాది అన్నది అబద్ధం."

ఆయన రికార్డు తీసుకుని సంతకం ఉన్న పేజీ చూశాడు.

"మరి ఆదివారం నాను సెప్పిన సాక్ష్యం ఏటవుతాది?"

"నా వల్ల నువ్వూ అబద్ధం సెప్పినావు నాన్నా."

కృపారావు పట్టాల వైపు చూశాడు, బండి ఇంకా కనబడటం లేదు. "అయితే ఈ ఆదివారం నువ్వు లెగు. ఏడు నెల్లు ఎందుకు రాయలేదో అందరి ముందరా సెప్పు."

"అదే నాకు తెలీదు నాన్నా! ఎంత ఆలోసించినా తెలీట్లేదు."

"తెలీదనే సెప్పు. సగం మందికి తెలీదులే, నువ్వొక్కర్తివే అనుకుంతన్నావా? ఈ గేటు గది కిటికీకి రంగెయ్యాలని డబ్బా కొని రెండేళ్ళయ్యింది, నాకేటి తెలుసు?"

రూబీ కిటికీ చూసింది. కింద మూత తియ్యని రంగు డబ్బా దుమ్ము పట్టి ఉంది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

గేటు ముందు మోటారు సైకిళ్ళు, ఒక ఆటో, గడ్డి మోపులతో ఒక ట్రాక్టరు ఆగి ఉన్నాయి. ఇవతల ఇంకేమీ తోచక రూబీ సంచిలోంచి నోట్సు తీసింది. గేటు కర్రకి ఆనుకుని మొదటి పేజీ తెరిచింది. గూడ్సు బండి వచ్చి వెళ్ళిపోయింది. ఆమె రెండో పేజీలో ఉంది.

"గేటెత్తాల, తప్పుకో తల్లీ," అన్నాడు కృపారావు. వెనక ఆటో హారను మోగింది. ట్రాక్టరు మీద మనిషి "ఏటమ్మా, దారి ఒగ్గుతావా లేదా?" అని కేక వేశాడు.

రూబీ తల ఎత్తలేదు. పేజీ చివర ఇంకా నాలుగు లైన్లున్నాయి.

"ఒక్క నిమిషం ఆగండి," అంది వాళ్ళతో, "నా పనున్నాది."