సోల మీద గోపురం

నేను ఒక ఇత్తడి సోలను. బియ్యం కొలుస్తాను, అంతకుమించి నాకు విద్యలేవీ రావు. అజ్జరంలో కాలం తీరిన ఒక బిందెనూ రెండు చెంబులనూ కరిగించి నన్ను పోతపోశారు. పోసినాయన నా అంచును వేలితో తడిమి, "అంచు దాకానే కొలత. ఆ పైన ఏదున్నా అది కొలత కాదు" అన్నాడు. పుట్టిన రోజున విన్న ఆ మాట విలువ తెలియడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది.

మంగాయమ్మ కాపురానికి వస్తూ సారెలో నన్ను తెచ్చుకుంది. ఇల్లు మండపేటలో. భర్త అబ్బులు రైసుమిల్లులో మేస్త్రీ. గింజను చూసి, పంటితో కొరికి, తేమ ఎంతుందో, మరలో వేస్తే నూక ఎంత పడుతుందో చెప్పేవాడు. మిల్లు యజమాని యంత్రాలను అనుమానించేవాడు గానీ అబ్బులు కళ్లను ఏనాడూ అనుమానించలేదు.

పూటపూటకూ మంగాయమ్మ నన్ను బియ్యపు డబ్బాలో ముంచి "లాభం" అంటూ పైకి తీసేది. మా వైపు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. అంచు దాకా నిండితే ఆవిడకు చాలదు. పైన గోపురం లేవాలి, గింజలు అటూ ఇటూ జారి పడాలి. ఆ పైపోగును చేత్తో తోసేసి తలకొట్టి కొలవడం కొట్టువాళ్లు చేసే పని, ఇంట్లోవాళ్లకు అలా కొలిస్తే పాపమని ఆవిడ నమ్మకం. ఆ గోపురమంతా ఎవరి కంచంలోకి వెళ్లేదో నాకు తెలుసు. ఆవిడ మటుకు గిన్నె అడుగున మిగిలింది తినేది. అడిగినవాళ్లకు మాత్రం "ఇద్దరికీ సోలెడే" అని చెప్పేది. కొలతనై ఉండి కూడా రోజూ ఆ అబద్ధాన్ని నెత్తిన మోశాను.

యాభై దాటాక అబ్బులుకు షుగరు వచ్చింది, దాని వెనకాలే రక్తంలో కొవ్వు కూడా. రాజమండ్రిలో టీచరు ఉద్యోగం చేసే కూతురు అనంతలక్ష్మి తండ్రిని డాక్టరుకు చూపించి ఒక కాగితం రాయించుకొచ్చింది. నెయ్యి, కొబ్బరి, మీగడ, వేపుళ్లు బంద్. అన్నం కొలిచి తినొచ్చు. మంగాయమ్మ దాన్ని దేవుడి పటం పక్కన అంటించింది. ముప్పై ఏళ్లుగా నా పొరుగున ఉన్న నేతిగిన్నె అటకెక్కింది. నెయ్యి లేని ముద్ద ఎన్ని తిన్నా అబ్బులుకు కడుపు నిండేది కాదు, మారు వడ్డించమనేవాడు. నా మీద గోపురం ఇంకాస్త ఎత్తు పెరిగింది.

మూడేళ్లు గడిచాక మంగాయమ్మ తమ్ముడు త్రిమూర్తులు వచ్చాడు. మనిషి సగానికి సగం తగ్గాడు.

"బావా, నీ శత్రువు నెయ్యి కాదు, ఆ తెల్లన్నం! అది మానేసి నెయ్యి పోసుకో. నన్ను చూడు, పదహారు కిలోలు తగ్గాను."

సెలవులకు ఇంటికొచ్చిన అనంతలక్ష్మి ఊరుకోలేదు. "నువ్వేమన్నా డాక్టరువా మావయ్యా? ఆ నెయ్యంతా తాగించి నాన్న గుండె ఆపేస్తావా?"

"మీ డాక్టరు చెప్పినట్టు మూడేళ్లు తిన్నాడు గదే. షుగరు దిగిందా?"

ఇద్దరికీ ఆ మనిషంటే ప్రాణం. అందుకే ఇద్దరి గొంతులూ అంత పైకి లేచాయి. అబ్బులు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "బియ్యం చూసి బతికినోణ్ణిరా. అన్నం వద్దంటే నన్ను ఇంట్లోంచి పొమ్మన్నట్టుంది" అన్నాడు.

త్రిమూర్తులు కూడా ఒక కాగితం ఇచ్చి వెళ్లాడు. దాన్ని మంగాయమ్మ పటానికి రెండో పక్కన అంటించింది. కూతురి కాగితం అన్నం తినొచ్చంది. తమ్ముడి కాగితం నెయ్యి తినొచ్చంది. ఎవరి మాటా తీసెయ్యకూడదని ఆవిడ గోపురం పెట్టిన సోలెడు వండి, దాని మీద నెయ్యి వేసింది. వద్దన్న మాటలు రెండూ ఒకదానికొకటి చెల్లిపోయాయనుకుంది. అబ్బులు చాన్నాళ్లకు తృప్తిగా తిన్నాడు. నేతిగిన్నె అటక దిగి నా పక్కకు వచ్చినందుకు నేనూ సంతోషించాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రెండేళ్లు తిరక్కుండానే ఒక రోజు అబ్బులు మిల్లు నుంచి మధ్యాహ్నమే వచ్చేశాడు. గుప్పెడు బియ్యం అరచేతిలో పోసుకుని వాకిట్లో ఎండకు పట్టాడు. "మంగా, గింజ కనపడట్లేదే" అన్నాడు.

కాకినాడ కంటి ఆసుపత్రిలో కుడికన్ను పోయినట్టేనన్నారు. షుగరు దిగితే ఎడమకన్ను మిగులుతుందన్నారు. తిండి సంగతి చూసే డైటీషియన్ అమ్మాయి, ఇంట్లో అన్నం ఎంత వండుతారని అడిగింది. మంగాయమ్మ ఎప్పటిలాగే సోలెడన్నది. ఈసారి వచ్చేటప్పుడు ఆ సోల తీసుకురమ్మంది ఆ అమ్మాయి. గుడ్డసంచిలో బియ్యంతో పాటు నేనూ బస్సెక్కాను.

"ఇంట్లో ఎలా కొలుస్తారో అలాగే కొలవండమ్మా."

మంగాయమ్మ కొలిచింది. ఆ అమ్మాయి నా అంచు మీదుగా స్కేలు పెట్టి నెట్టి, బల్ల మీద పడిన బియ్యాన్ని విడిగా తూచింది. కింది దాంట్లో పావు వంతు దాటింది.

"ఈ పైది ఎవరి లెక్కలో ఉందమ్మా?"

"అది లెక్కలోది కాదండి. తలకొట్టి కొలిస్తే ఇంట్లో మనిషికి పెట్టినట్టుండదు గదండి" అంది మంగాయమ్మ. చూపు పోయిన భర్త కుడికంటి వైపు తిరిగింది. "నేనే తీసేశానా అండీ ఆ కన్ను?"

"ఎన్నో ఏళ్లుగా ఉన్న జబ్బమ్మా ఇది. మీ ఒక్కరి మీదే వేసుకోకండి."

అనంతలక్ష్మీ త్రిమూర్తులూ అక్కడే ఉన్నారు. తమలో ఎవరిది సరైన పద్ధతో చెప్పమన్నారు. "రెండు దారుల్లోనూ బాగుపడ్డవాళ్లను చూశాను. రెండిట్లో ఒకేసారి నడిచి బాగుపడ్డవాళ్లను చూడలేదు" అంది ఆ అమ్మాయి. తర్వాత అబ్బులు వైపు తిరిగి, ఏది కావాలో ఆయన్నే ఎంచుకోమంది.

"అన్నం ఉండనివ్వండి. గోపురం తీసెయ్యండి" అన్నాడు అబ్బులు.

ఇప్పుడు రోజు మొత్తానికి ఇద్దరికీ తలకొట్టి ఒక్క సోల. మిగతాదంతా కూరలు, పప్పు, చేపలు. నెయ్యి రెండు చుక్కలు. ఎడమకన్ను మసకగానైనా నిలిచింది. నన్ను కొలిచేది ఇప్పుడు అబ్బులే. "లాభం" అంటూ పైకి తీసి, చూపుడువేలితో నా అంచంతా ఒకసారి తుడుస్తాడు. పైగింజలు డబ్బాలోకి రాలిపోతాయి. లాభం తర్వాత రెండు అనే పని లేదు. అజ్జరం పోతపనివాడి వేలు తర్వాత నా అంచును అంత శ్రద్ధగా తడిమిన వేలు ఇదే.

నిన్న పొద్దున్న ఎవరో పిలిస్తే అబ్బులు తల తిప్పి పలికాడు. ఆ కాస్త సందులో మంగాయమ్మ గబుక్కున చిటికెడు గింజలు నా మీద వేసింది. ఆయన మళ్లీ ఇటు తిరిగి, అలవాటుగా ఇంకోసారి వేలు పెట్టాడు. వేలు ఆగింది.

కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. ఆ గింజల్ని వేలితో తన అరచేతిలోకి లాక్కుని, మంగాయమ్మ చెయ్యి వెతికి పట్టుకుని, అందులో పోసి గుప్పిట మూశాడు.

"ఇది నీ కంచంలో పడాల్సింది, మంగా. ఇన్నేళ్లూ నేనే తినేశాను."

ఆవిడ ఆ గింజల్ని ఎసట్లో వేసింది. మధ్యాహ్నం గిన్నె అడుగున ఏం మిగులుతుందా అని చూడలేదు. ఆయన పక్కనే కంచం పెట్టుకుని కూర్చుంది.