కానుగలో చిక్కుకున్న ఊపిరి

చెట్టును కొట్టేసినప్పుడు అందులో ఉన్న నా ఊపిరి ఎవరికి చెందుతుంది? ధ్యానకేంద్రం కార్యాలయంలో ఈ ప్రశ్న మూడుసార్లు అడిగాను.

పదకొండేళ్లుగా ప్రతి ఉదయం, శిక్షకులు దయాకరం గారు నేర్పిన పద్ధతిలో, నా నిశ్వాసాన్ని హాలు ఎదురుగా ఉన్న కానుగ చెట్టులోకి పంపుతున్నాను. చెట్టు దాన్ని కాసేపు ఉంచుకుని తిరిగి పంపుతుంది. సోమవారం, ఆ హాలుకు ఏసీ పెట్టడానికి అడ్డమని, ఆయన చెట్టును కొట్టించారు. ఆ క్షణంలో నా ఊపిరి అటువైపు ఉంది.

ఇప్పుడు కాఫీని ఊదలేకపోతున్నాను. అద్దం ముందు నిలబడితే అద్దం మసకబారదు. మాట్లాడడానికి గొంతులో మిగిలింది శనివారం వరకే సరిపోతుంది.

గురువారం, చెట్టు కొట్టిన గవరయ్య ఇంటికి వెళతాను.

"ముందురోజు చెట్టుకు చెప్పావా?"

"సెప్పనివ్వనేదమ్మా. మా తాత కాలం నుండీ సెయ్యేసి సెప్తాం, రేపొస్తన్నాం, ఉన్నోళ్లు దిగిపోండని. ఏసీ మిషన్లొచ్చీసినాయి, బేగి కొట్టీమన్నారు సారు. లోపల తవరున్నారని నాకేటి తెల్సు?"

"నా ఊపిరి ఎక్కడుంది?"

"ఏర్లట్టుకుని సారు కాళ్లల్లోకెక్కీసింది. సూసేను."

"రంపం ఇవ్వు."

"ఇస్తాను గానీ నేను పట్టనమ్మా. దండం పెట్టే మడిసిని కొయ్యడం మాకు అలవాటు నేదు."

శుక్రవారం హాలులో దయాకరం గారు నిలబడి బోధిస్తున్నారు. "పాదాలను వేళ్లనుకోండి. భూమిలోకి దించండి." ఆయన పాదాలు టైల్సును పగలగొట్టుకుని దిగి ఉన్నాయి. మోకాళ్ల వరకు బెరడు. ఎడమ చెవిలోంచి ఒక చిగురు.

"సార్ ఇవాళ ఎంత నిలకడగా ఉన్నారండీ!" అంటుంది ముందు వరుసలోని సుభాషిణి.

ఆయన నన్ను చూసి చిరునవ్వు నవ్వుతారు. ఆ నవ్వులో నా కాఫీ వాసన ఉంది.

"కోపంగా ఉన్నారమ్మా. నిశ్వాసంతో వదిలేయండి."

"నిశ్వాసం మీ దగ్గర ఉంది."

"ప్రకృతికి సమర్పించారనుకోండి."

"సమర్పించలేదు. పంపాను. తిరిగి రావలసినది."

నేను నియమం తప్పే మనిషిని కాను. ఆయన బెరడు మీద అరచేయి ఆనించి, స్పష్టంగా చెబుతాను: "రేపు వస్తున్నాను. ఉన్నవాళ్లు దిగిపోండి."

ఆయన నోట్లోంచి రెండు ఉడతలు దిగుతాయి. తర్వాత గూడు మోసుకుంటూ ఒక కాకి. చివరగా ఆయన కంఠస్వరం, చెప్పులు చేత పట్టుకుని, ఎవరివైపూ చూడకుండా బయటికి నడుస్తుంది. నా ఊపిరి మాత్రం దిగదు. నేను వస్తానని దానికి తెలుసు.

శనివారం. ఆయన కొమ్మలు పైకప్పును చీల్చుకుని వెళ్లాయి. ఆకులన్నీ చిన్న చిన్న అద్దాలు. ఒక్కొక్కటీ నా ఊపిరితో మసకబారుతూ, తేటపడుతూ ఉంది. కింద సుభాషిణి కళ్లు మూసుకుని గాలిని మెచ్చుకుంటోంది. నేను రంపాన్ని కాండానికి ఆనిస్తాను.

నా గొంతులో ఇంకా రెండు వాక్యాలే మిగిలాయి. ఈ రంపానికి పిడులు రెండు. చదవడం ఆపి, రెండోది మీరు పట్టుకోండి.