పేరు పట్టీలు

పదకొండో నంబరు జెర్సీ మోచేతి దగ్గర చిరుగుని లోరెట్ సగం కుట్టి, కుట్టినంత మేరా వేలితో తడిమి చూసుకుంది. ఈమధ్య ఆమెకు కళ్ళకంటే వేళ్ళే ఎక్కువ పనిచేస్తున్నాయి. దూరంగా ఉన్న స్కోరుబోర్డు మీద అంకెలు బాగానే కనిపిస్తాయి. చేతిలో ఉన్న సూది బెజ్జం ఎక్కడుందో మాత్రం దేవుడికే తెలియాలి.

అరవై ఏడేళ్ళ మనిషి. పొట్టిగా ఉంటుంది, భుజాలు మాత్రం మగవాళ్ళ భుజాల్లా వెడల్పు. కుడిచేతి చూపుడు వేలి కొస కొంచెం పక్కకి తిరిగి ఉంటుంది. బూట్ల ఫ్యాక్టరీలో ఇరవై తొమ్మిదేళ్ళు తోలు కుట్టినందుకు ఆమెకు దక్కినవి ఒక గోడగడియారం, ఆ వంకర వేలు. గడియారం ఏనాడో ఆగిపోయింది. వేలు ఇంకా పనిచేస్తోంది.

ఆమె గది అరీనాలో మెట్ల వరసల కింద, బాయిలర్ పక్కన ఉంటుంది. ఆట జరుగుతున్నంతసేపూ నెత్తిమీద జనం కాళ్ళు తాటిస్తారు, కప్పు నుంచి సున్నం పొడి రాలుతుంది. ఆ పొడి జెర్సీల మీద పడకుండా రోజేర్ ఒక పాత దుప్పటి పందిరిలా కట్టి పెట్టాడు. రోజేర్ ఆమె భర్త, ఇక్కడే మంచు నునుపుచేసే బండి నడిపేవాడు. పోయి తొమ్మిదేళ్ళయింది. దుప్పటి అలాగే ఉంది.

మాడక్ ఫాల్స్ రివర్‌మెన్ ఐస్ హాకీ జట్టు చరిత్ర ఎవరైనా రాయదలచుకుంటే పేపరాఫీసుకు పోనక్కర్లేదు, లోరెట్ గుడ్డపేలికల మూటలు విప్పితే చాలు. బూట్ల ఫ్యాక్టరీవాళ్ళే జట్టు పెట్టిన రోజుల్లో జెర్సీలు ఆకుపచ్చ. ఫ్యాక్టరీ మూతపడ్డాక కార్లమ్మే ఆసామి కొన్నాడు, అప్పుడు పసుపు. ఆ పసుపు చూసి పక్క ఊరివాళ్ళు ఏడేళ్ళపాటు కోడిపిల్లల కూతలు కూశారు. తర్వాత రంగుల దుకాణం యజమాని చేతికొచ్చింది, అప్పట్నించి నీలం. ఈలోగా జట్టు ఆడిన లీగులు మూడు ఒకదాని తర్వాత ఒకటి చాపచుట్టేశాయి, రివర్‌మెన్ మాత్రం పక్క లీగులోకి జారుకుని బతికి బట్టకట్టారు. ముప్ఫై రెండేళ్ళలో ఒక్కటంటే ఒక్క కప్పు గెలిచారు, ఎనభై మూడులో. ఊళ్ళో జనం దాన్ని ఇప్పటికీ నిన్నో మొన్నో జరిగినట్టే చెప్పుకుంటారు.

జెర్సీల వెనక పేర్లు వచ్చినప్పటినుంచీ ఆ పని లోరెట్‌దే. పై లీగుల్లోలా ఆటగాడికో కొత్త జెర్సీ కుట్టించే తాహతు ఇక్కడ లేదు. జెర్సీ ఉంటుంది, మనిషి మారతాడు. పాతవాడి పేరు పట్టీ విప్పి, అదే చోట కొత్తవాడి పట్టీ కుట్టాలి. పట్టీ మీద అక్షరాలు మిషన్ మీద కుడుతుంది. పట్టీని జెర్సీకి మాత్రం చేత్తోనే కుడుతుంది, మిషన్ కుట్లు విప్పితే గుడ్డ చీరుకుపోతుంది కాబట్టి. విప్పిన పట్టీ ఒక్కటి కూడా ఆమె పారేయలేదు. పై లీగుకు పిలుపొచ్చి వెళ్ళినవాళ్ళవి నీలం బిస్కెట్ల డబ్బాలో వేస్తుంది. అందులో పదకొండున్నాయి. మిగతావాళ్ళవి ఎర్ర డబ్బాలో వేస్తుంది. ఎర్ర డబ్బా మూత పట్టక దానికి తాడు కట్టింది.

ఇందులో ఒక బాధ ఉంది. జట్టులో ఎవరి రోజులు చెల్లాయో ఆ మనిషికంటే ముందు లోరెట్‌కి తెలుస్తుంది. జెర్సీ ఆమె బల్లమీదికి వచ్చిందంటే అంతే. ఒకసారి, చాలా ఏళ్ళ క్రితం, ఎవరిదో చావు పలకరింపుకి వెళ్ళే తొందరలో కొత్త పట్టీ కుట్టిన జెర్సీని మధ్యాహ్నమే కొక్కేనికి తగిలించి వెళ్ళిపోయింది. కోచ్ ఇంకా చెప్పనేలేదు. ల్యూక్ అని ఇరవై రెండేళ్ళవాడు, ఈలపాట పాడుకుంటూ వచ్చి తన చోట ఇంకొకడి పేరు చూశాడు. ఆ ఈలపాట ఎక్కడ ఆగిందో గోడ ఇవతలినుంచి సామాన్లు చూసే ఎల్మర్ విన్నాడు, ఆమెకు చెప్పాడు. అప్పట్నించీ కోచ్ ముఖాముఖీ చెప్పాడని రూఢి అయితేగాని లోరెట్ పట్టీ విప్పదు.

ఆ శనివారం ఒంటిగంటకు ఎల్మర్ ఒక జెర్సీ మడిచి చంకలో పెట్టుకుని వచ్చాడు. బల్లమీద బోర్లా పెట్టి, జేబులోంచి చీటీ తీసి దానిమీద ఉంచాడు. చీటీలో నాలుగే ఇంగ్లీషు అక్షరాలు, హోల్ట్.

"రెండు గంటల బస్సుకి దిగుతున్నాడట. ఇవాళే ఆడిస్తారు," అన్నాడు, ఆమె ముఖం చూడకుండా.

లోరెట్ జెర్సీ తిప్పి చూసింది. పద్నాలుగు. ఆర్మాన్‌ది.

"ఆర్మాన్‌కి తెలుసా?"

"కోచ్ చెప్తాడట."

"ఎప్పుడు చెప్తాడట?"

"నన్నడిగితే నేనేం చెప్పను తల్లీ. నేను సామాన్లు మోసేవాణ్ణి," అని ఎల్మర్ వచ్చినదారినే వెళ్ళాడు.

ఆర్మాన్ డెషార్నే పదేళ్ళుగా ఇక్కడే ఆడుతున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళు. ముక్కు మూడుసార్లు విరిగింది, మోకాలు రెండుసార్లు కోశారు. పై లీగులో ఒక్క ఆట, ఒక్క నిమిషం కూడా ఆడలేదు. నీలం జెర్సీలు వచ్చిన ఆరేళ్ళలో మిగతా వాటిమీద నలుగురైదుగురి పేర్లు మారాయి. పద్నాలుగు మీద మాత్రం మొదట కుట్టిన పట్టీయే ఉంది. భుజం నుంచి భుజం దాకా పది అక్షరాల పేరు, అందులో సగం రాయడమేగాని పలికేవి కూడా కావు. "పలకని వాటికి కూడా దారం ఖర్చేరా నాయనా," అని కుట్టేటప్పుడు ఆమె సణిగింది. "వాటిని వదిలేయి పెద్దమ్మా, ఎవడు చూడొచ్చాడు," అన్నాడు వాడు.

ఆట ఉన్న ప్రతిరోజూ మూడింటికి వాడు బెల్లపు పాకం డోనట్లు రెండు పట్టుకుని ఈ గదికి వస్తాడు. ఒకటి ఆమెకి, ఒకటి వాడికి. తిని, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, గుడ్డ పేజీలనిండా సూదులు గుచ్చి పెట్టుకునే ఆమె ఫ్లానెల్ సూదుల పుస్తకం తెరిచి మొదటి పేజీలో పన్నెండు సూదులకీ దారం ఎక్కిస్తాడు. దెబ్బలు తిని బెండకాయల్లా వంకర్లుపోయిన ఆ వేళ్ళతో అంత సన్నటి పని ఎలా చేస్తాడో ఆమెకు అర్థం కాదు. కళ్ళు కనిపించడం లేదని ఆమె ఎవరికీ చెప్పలేదు. వాడు కనిపెట్టాడు, వాడూ ఎవరికీ చెప్పలేదు.

లోరెట్ జెర్సీని సొరుగులో పెట్టింది. కొత్త పేరు అక్షరాలు మాత్రం కత్తిరించి బల్లమీద పరిచింది, వాటివల్ల ఎవరికీ నష్టం లేదు కదా అని. రెండున్నరకి లేచి, ఏడాదిగా తొక్కని మెట్లు తొక్కింది. ముప్ఫై ఒక్క మెట్లు. పదో మెట్టుకి మోకాళ్ళు తిట్టడం మొదలుపెట్టాయి.

కోచ్ డూగన్ గదిలో లేడు. ఉన్న ఒక్క కుర్చీలో కూలబడి అరగంట కాచుకుంది. ఎట్టకేలకి వచ్చినవాడు ఆమెను చూసి గుమ్మంలోనే తడబడ్డాడు.

"నువ్వెందుకు ఎక్కొచ్చావు పెద్దమ్మా? ఎల్మర్‌తో కబురంపితే నేనే దిగేవాణ్ణి కదా."

"కబుర్లు ఎల్మర్‌తో పంపడం నాకు చేతకాదురా. అది నీ పద్ధతి."

ఎనభై మూడులో కప్పు గెలిచిన జట్టులో డూగనూ ఆర్మానూ పక్కపక్కన ఆడినవాళ్ళే. అతని పేరు పట్టీ కూడా ఎర్ర డబ్బాలోనే ఉంది.

"నాలుగింటికి చెప్తాను," అన్నాడు.

"నీ పేరు విప్పినప్పుడు పాత కోచ్ మీ ఇంటికొచ్చి, మీ అమ్మ వడ్డించిన బఠాణీ చారు తాగి మరీ చెప్పాడు. గుర్తుందా?"

"గుర్తుంది."

"పొద్దుట్నించి ఏం చేస్తున్నావు మరి?"

డూగన్ కిటికీ వైపు తిరిగాడు. "వాడెదురైతే ఇంకో దారిలో పోతున్నాను పెద్దమ్మా," అన్నాడు చిన్నగా. ఆమెకు కోపం సగం దిగిపోయింది. అంత పెద్ద మనిషి చెవులు ఎర్రబడి ఉన్నాయి.

"నాలుగు కొట్టేలోగా చెప్పు. అందాకా నేను దారం ముట్టను," అని చెప్పి, గోడ పట్టుకుని మెట్లు దిగింది.

గది తలుపు తెరిచేసరికి ఆర్మాన్ ఆమె ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. సూదుల పుస్తకం అప్పుడే మూసి పక్కన పెడుతున్నాడు. బల్లమీద రెండు డోనట్లూ అలాగే ఉన్నాయి. వాటి పక్కన ఆమె పరిచిపెట్టిన నాలుగక్షరాలు.

ఎంత బుద్ధితక్కువ పని చేశానని లోరెట్‌కి అప్పుడు తోచింది. వాణ్ణి కాపాడదామని మెట్లెక్కి పోయి, చూడకూడనిది చూసేటట్టు తానే బల్లమీద పెట్టి పోయింది.

"మంచు పడుతోందని ముందే బయల్దేరాను," అన్నాడు ఆర్మాన్. తర్వాత మామూలు గొంతుతోనే, "ఈ హోల్ట్ నంబరెంత పెద్దమ్మా?" అన్నాడు.

ఆమె తలుపు మూసింది.

"సొరుగు తెరవలేదులే. నీ సొరుగు నేనెందుకు తెరుస్తాను?"

"చెప్తానన్నాడురా. నాలుగింటికి చెప్తానన్నాడు. ఇంతసేపూ అక్కడే ఉన్నాను," అంది.

"ఆ మెట్లన్నీ ఎక్కావా?" అన్నాడు వాడు. ఆమె మోకాళ్ళవైపు చూశాడు. "సరే, ఇటియ్యి. నాది నేనే విప్పుకుంటాను."

ఆమె జెర్సీ తీసి ఇచ్చింది, కుట్లు విప్పే చిన్న కత్తి కూడా ఇచ్చింది. ఆర్మాన్ దాన్ని ఒళ్ళో పరుచుకుని, నెమ్మదిగా, ఒక్కొక్క కుట్టే తెంపాడు. ఎక్కడా గుడ్డకి గాటు పడనివ్వలేదు. పట్టీ పూర్తిగా ఊడివచ్చాక ఇద్దరూ వంగి చూశారు. ఆరేళ్ళ ఉతుకులకు జెర్సీ అంతా వెలిసిపోయింది కాని, పట్టీ కింద ఉన్న మేర మాత్రం ముదురు నీలంగా, నిన్న దుకాణంలోంచి తెచ్చినట్టుంది.

"ఇదా మన అసలు రంగు!" అన్నాడు ఆర్మాన్. వాడికి నవ్వొచ్చింది. "ఇన్నేళ్ళూ నా వీపు మీదే ఉందన్నమాట."

పట్టీ ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని పట్టుకుని రెండు డబ్బాలకేసీ చూసింది. ఆమె చేయి నీలం డబ్బా వైపు కాస్త జరగడం వాడు చూశాడు.

"ఊహూఁ, ఎర్రదాంట్లోనే వెయ్యి. ఆ నీలం డబ్బాలో నాకెవరూ తెలీదు."

లోరెట్ ఏడ్చింది. ఇన్నేళ్ళలో ఎవరి ముందూ ఏడవని మనిషి, ఆ పట్టీతోనే కళ్ళు తుడుచుకుంది. వాడు లేచి ఆమె తల మీద ముద్దు పెట్టాడు.

"మా ఊరెళ్తున్నాను పెద్దమ్మా. ఎనిమిది గంటల దారి. మా బావకి నూనె ట్యాంకర్లున్నాయి, ఎప్పట్నించో రమ్మంటున్నాడు. ఆట మొదలయ్యేలోపు ఊరు దాటాలి. జనం కేకలు వింటే కదల్లేను."

"డూగన్‌తో..."

"పాపం, పొద్దుట్నించి నన్ను తప్పించుకు తిరుగుతున్నాడు. నేనే వెళ్ళి వాడికి చెప్పేస్తాను," అన్నాడు. డోనట్ ఒకటి జేబులో వేసుకుని, రెండోది ఆమె వైపు జరిపి వెళ్ళాడు.

నాలుగున్నరకి సామాన్ల తలుపు దగ్గర ఆర్మాన్ బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది. రెండుసార్లు మొరాయించి మూడోసారి అందుకుంది. లోరెట్ లేవలేదు.

హోల్ట్ పట్టీ కత్తిరిస్తుంటే ఎల్మర్ తొంగి చూశాడు. "ఇంత పొట్టిగానా? రెండు పక్కలా పాత మచ్చ కనబడుతుంది. పొడుగ్గా కత్తిరించు, కప్పేస్తుంది."

"పేరెంతుంటే పట్టీ అంతే ఉంటుంది," అంది లోరెట్.

"యజమాని చూస్తే..."

"చూడనీ. ఎవరిదని అడిగితే చెప్తాను."

సూదుల పుస్తకం మొదటి పేజీలోంచి ఒక సూది తీసి పట్టీ కుట్టింది. కొత్త కుర్రాడు ఐదున్నరకు వచ్చి, జెర్సీ తీసుకుంటూ రెండు చేతులూ చాచి, "థాంక్స్ అమ్మా," అన్నాడు. వాడి తప్పేముంది? లోరెట్ వాడి కాలరు సరిచేసి పంపింది.

ఏడింటికి ఆమె ఎప్పటిలా, ఆటగాళ్ళు మంచుమీదికి వెళ్ళే సొరంగం మొదట్లో నిలబడింది. పద్నాలుగో నంబరు మంచుమీదికి వచ్చి ఒక చుట్టు తిరిగింది. దీపాల వెలుగులో హోల్ట్ అన్న చిన్న పట్టీకి రెండు పక్కలా ఆ ముదురు నీలం, భుజం నుంచి భుజం దాకా, ఇంత దూరానికి ఆమె కళ్ళకు తేటగా కనిపించింది. మెట్ల మీద కేకలు కాసేపు తగ్గాయి. ఎవరో ముసలాయన లేచి టోపీ తీశాడు. తర్వాత ఇంకొందరు తీశారు. వాళ్ళెందుకు తీస్తున్నారో తెలియక కొత్త కుర్రాడు కర్ర ఎత్తి వాళ్ళకి అభివాదం చేశాడు. ఆమె గదికి తిరిగి వచ్చేసింది.

మొదటి భాగం ముగిసేసరికి చిరుగులు వరసగా వచ్చాయి, మొదటి పేజీలో సూదులు అయిపోయాయి. పట్టుమని పది నిమిషాల్లో మూడు మోచేతులు. ఇక మీద దారం ఎక్కించేదెవరు అనుకుంటూ, వట్టి సూదులుండే రెండో పేజీ తెరిచింది. వేలు తగిలి ఆగింది. పన్నెండు సూదులకీ దారం ఎక్కించి ఉంది, ఒక్కొక్కదానికీ దారం చిక్కుపడకుండా చుట్టి ఉంది. మూడో పేజీ తిప్పింది. నాలుగోది తిప్పింది. కప్పు మీద జనం కాళ్ళు తాటిస్తున్నారు, దుప్పటి మీద సున్నం పొడి రాలుతోంది. ఆ పుస్తకంలో ఆఖరి సూది దాకా తెల్లదొకటి, నీలందొకటి, దారాలు వేలాడుతూ ఉన్నాయి.