ఆపిల్ బొమ్మ వెనక పాఠం

నేను ఒక ఇంగ్లీషు అక్షరాల చార్టుని. నా సంగతి తర్వాత, ముందు మా అన్నయ్య మీద నా ఫిర్యాదు వినండి. ఆయన 'అ అమ్మ, ఆ ఆవు' చార్టు. విజయవాడలో ఒకే ప్రెస్సులో, ఒకే పూట పుట్టాం. పావుగంట ముందు పుట్టినందుకు ఎంత పెద్దరికమో! "పరాయి భాషకి ఇన్ని రంగులెందుకురా?" అని కట్టలో పక్కనే పడుకుని సాధించేవాడు. చివరికి ఆయన పక్క వీధి అంగన్‌వాడీకి వెళ్లాడు. నేను జాంబియా వెళ్లాను.

తీసుకెళ్లింది హైమవతిగారు. బి.ఏ. చదివి, పాతికేళ్లు ఇంటిల్లిపాది హోంవర్కులూ చేయించిన ఇల్లాలు. పరాయి దేశపు పేద పిల్లలకు రెండు వారాలు ఇంగ్లీషు చెప్పే సేవకి పేరిచ్చారు. సూట్‌కేసులో నన్ను ఆవకాయ సీసా పక్కన సర్దారు. సీసా కారింది. నా 'జెడ్ ఫర్ జీబ్రా' మీద ఎర్రచార ఇప్పటికీ ఉంది. జీబ్రాలు తిరిగే దేశానికి జీబ్రా బొమ్మ మోసుకెళ్లడమేమిటని ఎవరికీ తోచలేదు.

రేకుల బడి. ఒకటే గది, ఒకటే నల్లబల్ల. దాని మీద హమూంగా మాస్టారు గుండ్రటి అక్షరాలతో ఓ పెద్ద ఇంగ్లీషు పాఠం, కింద ప్రశ్నలు రాసి ఉంచారు. ఓ మూల, 'పరీక్షకు ఇంకా పద్దెనిమిది రోజులు.' వెనక బెంచీలో ముతింత అనే పదమూడేళ్ల పిల్ల దాన్ని గబగబా నోటుబుక్కులోకి ఎక్కించుకుంటోంది. ఏడో తరగతి పరీక్ష ఇంగ్లీషులోనే. అది తప్పితే ఆ పిల్లకి హైస్కూలు లేదు.

హైమవతిగారు నన్ను విప్పి, బల్ల మీద ఏముందో చూడకుండానే, సరిగ్గా ఆ పాఠం మీదే తగిలించారు.

నాకు ఒళ్లు మండిపోయింది. గది మూలన చుట్టి నిలబెట్టిన చార్టులు నాలుగు, నన్ను చూసి నవ్వుకున్నాయి. జర్మనీది ఒకటి, కొరియాది ఒకటి, ఇంగ్లండువి రెండు. అన్నిటి మీదా ఆపిలే!

"ఎ ఫర్...?"

"ఆపిల్!" ముప్ఫై గొంతులు. ముతింత కూడా అరిచింది. అంత దూరం నుంచి వచ్చిన అతిథి చేతిలోది కాదనడం అక్కడి మర్యాద కాదు. మాస్టారు గోడకి ఆనుకుని చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం ఫోన్లో ఈవిడ సంబరం చూడాలి. "ఏమండోయ్, ఎంత చురుకైన పిల్లలో! గంటలో జెడ్ దాకా వచ్చేశారు!"

"మనబ్బాయికి రెండేళ్లు పట్టింది కదే," అన్నారాయన.

"వాడు మీ పోలిక."

అలా తొమ్మిది రోజులు. రోజూ అదే ఆపిల్. నా వెనక 'పద్దెనిమిది' అలాగే ఉంది. కాగితానికి నోరుంటే ఆవిణ్ణి నాలుగు దులిపేద్దును.

పదో రోజు గాలి నా పని చేసింది. దారం తెగి కింద పడ్డాను. హైమవతిగారు వంగి, లేస్తూ, బల్ల చూశారు. చదివారు.

"ఇదెవరి పాఠం?"

"మాదే, మేడమ్," అంది ముతింత.

"చదవగలవా?"

ఎక్కడా తడుముకోకుండా చదివింది. హైమవతిగారి మొహం నా ఆపిల్ రంగుకి తిరిగింది. "మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

మాస్టారు తల దించుకున్నారు. "మీరు అంత ప్రేమగా తెచ్చారు కదా, మేడమ్."

"మీరు అయిదోవారు," అంది ముతింత. "వచ్చినవాళ్లందరికీ ఆపిల్ అంటే ఇష్టం."

హైమవతిగారు కొంగుతో 'పద్దెనిమిది' తుడిచి, 'తొమ్మిది' అని రాశారు. రాసి, సుద్దముక్క మాస్టారి చేతిలో పెట్టారు. "నేనేం చెయ్యనూ?"

"బల్ల మీద చోటు చాలడం లేదు, మేడమ్. మీ చార్టు వెనక తెల్లగా ఉంది."

నన్ను తిరగేసి గోడకి కొట్టారు. మాస్టారు చెబుతుంటే హైమవతిగారు నా వీపు మీద రెండో పాఠం రాశారు, ముతింత దించుకుంది. పుట్టి బుద్ధెరిగాక నేను పనికొచ్చింది ఆ పూటే. అదీ, మొహం గోడకేసి! మా అన్నయ్యకి మాత్రం చెప్పకండి.

గోడకేసి ఉన్నాను కనక తర్వాతది నేను చూడలేదు, విన్నాను. బెంచీ కిర్రుమంది. హైమవతిగారు ముతింత పక్కనే కూర్చున్నట్టున్నారు. కాసేపటికి గదంతా వినబడేలా ఆవిడ గొంతు.

"తప్పు నాదే, మాస్టారూ. మీకేం కావాలో అడక్కుండానే మొదలెట్టాను."