కొయ్యబొమ్మ తొడుక్కున్న అంగీ

హాలండులోని లైడెన్ ప్రొఫెసర్లకు బతుకులో రెండే కోరికలు. పుస్తకం అచ్చవ్వాలి, తమ బొమ్మ గోడకెక్కాలి. ఆ రెండోదాని పుణ్యమా అని చిత్రకారుడు గోవర్ట్ ఇంట్లో అంతో ఇంతో పొయ్యి వెలుగుతోంది. పుస్తకాలు, గ్లోబు, ఒక పుర్రె, వాటి మధ్య బొచ్చు అస్తరు వేసిన అంగీలో పెద్దమనిషి. ముఖం గీసేటప్పుడు వచ్చి కూర్చుంటారు. అంగీని మటుకు తర్వాత పనిమనిషితో పంపేస్తారు. దాన్ని మనిషంత కొయ్యబొమ్మకు తొడిగి, కుర్చీలో కూర్చోబెట్టి, మడతలు సర్ది, చూస్తూ గీస్తాడు గోవర్ట్. సర్దిన మడత చెదిరితే మళ్లీ అలా పడదు కాబట్టి పనయ్యేదాకా ఎవరూ దాని జోలికి పోకూడదు.

ఎప్పుడూ చలి చలి అని వణికే కూతురు గ్రీట్ మాత్రం, రేనియర్ ప్రొఫెసర్ అంగీ వచ్చిన దగ్గర్నుంచి కొయ్యబొమ్మ ఒళ్లోనే నిద్రపోతోంది. గోవర్ట్ కసిరితే భార్య హిల్లె వెనకేసుకొచ్చింది. "కదలకుండా పడుకుంటుందిలే, పోనీ."

ఊళ్లో ప్లేగు. ఆ మధ్యాహ్నం రొట్టె కొనడానికి బయల్దేరిన హిల్లె, రేనియర్ గారి వీధిలో ఆగిపోయింది. వాళ్ల పనిమనిషి త్రైన్ స్టూలెక్కి గుమ్మానికి గడ్డికట్ట కడుతోంది. ప్లేగు సోకిన ఇంటికి కట్టే గుర్తు అది.

"ఎవరికే?" వీధి అవతలే నిలబడి అడిగింది.

"అయ్యగారికమ్మా. ఇందాకే పోయారు. ఆదివారం నుంచి ఒకటే జ్వరం."

"మరి మాకు అంగీ తెచ్చింది సోమవారం కదటే?"

త్రైన్ తల దించుకుంది. "చలికి వణికిపోతుంటే దాన్నే కప్పాం. జబ్బు సంగతి బయటపడితే ఈ ఇంటి బట్టేదీ గడప దాటనివ్వరు, బొమ్మ సగంలో ఆగిపోతుందని అమ్మగారే ఆయన మీంచి తీసిచ్చారు. నేనేం చేసేదమ్మా?"

 హిల్లె వెనక్కి తిరిగి పరుగెత్తింది. దేవుడా, ఇవాళైనా అది అందులో పడుకోకుండా చూడు, అని దారి పొడుగునా మొక్కుకుంది. పడుకోనివ్వమన్నది తానేనని గుర్తొచ్చినప్పుడల్లా ఇంకా వేగంగా పరుగెత్తింది.

తలుపు తోసుకుని లోపలికొచ్చిన ఆమెను గోవర్ట్ కుంచె ఎత్తి వారించాడు. "మెల్లిగా. మోచెయ్యి దగ్గర మడత ఒక్కటే మిగిలింది."

కొయ్యబొమ్మ ఒడి ఖాళీగా ఉంది. గ్రీట్ కిటికీ కింద వట్టి రాతి నేల మీద వెల్లకిలా పడుకుంది. హిల్లెకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"చూశావా? పొద్దుట్నుంచి ఎంత బుద్ధిగా ఉందో," అన్నాడు గోవర్ట్.

"బొమ్మ దగ్గరికి వెళ్లలేదా, బంగారం?"

గ్రీట్ కళ్లు తెరిచింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి.

"లేదమ్మా. ఇవాళ నాకసలు చలే వెయ్యట్లేదు."

హిల్లె చెయ్యి పిల్ల నుదుటి దాకా వెళ్లి, ముట్టుకోలేక ఆగిపోయింది.