మోచేతి పైన గాజులు

రూప్‌సింగ్‌కు తండాలో మాటకారి అని పేరు. పంచాయితీలో కూర్చున్నా, పెళ్లిలో కూర్చున్నా నలుగురినీ నవ్వించందే లేవడు. నవ్వు వచ్చినంత మాత్రాన మాట మంచిదైపోతుందా అని అతన్ని ఎవరూ అడగలేదు.

అతని భార్య జమ్లికి కిడ్నీలు పాడయ్యాయి. ఏళ్ల తరబడి మిరప తోటల్లో వంగి కాయలు ఏరి, నడుం నొప్పి లేచినప్పుడల్లా గోలీ మింగడం వల్లనేనని ఖమ్మం దవాఖానాలో డాక్టరమ్మ చెప్పింది. మెడ దగ్గర గొట్టం వేసి డయాలసిస్ మొదలుపెట్టారు.

"ఈ గొట్టం కొన్నాళ్లకే. చీము పట్టిందంటే ప్రాణం మీదికొస్తుంది. చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా చేద్దాం, ఇక సూదులు అక్కడే వేసుకోవచ్చు. కానీ ఆ చేతికి బిగుతుగా ఏదీ ఉండొద్దు. ఈ గాజులు తీసెయ్యాలి," అంది డాక్టరమ్మ.

జమ్లి రెండు చేతులకూ మోచేతి పైన తెల్ల గాజులు వరసగా బిగిసి ఉన్నాయి. పెళ్లినాడు వేసినవి. లంబాడీ ఆడది ఆ గాజులు తీసేది మొగుడు పోయిన రోజునే. ఆమె డాక్టరమ్మ వంక చూడలేదు, మొగుడి మొహం చూసింది. అతను తలూపితే తీసేసేది.

"నేనింకా సావలే గద డాక్టరమ్మా! గిప్పుడే తీస్తే యముడు మా తండా తొవ్వ అడుక్కుంట వస్తడు," అన్నాడు రూప్‌సింగ్.

పక్క మంచాల వాళ్లు పకపకా నవ్వారు. జమ్లి కూడా నవ్వింది. నవ్వుతూనే గాజుల మీదికి కొంగు లాక్కుంది. ఆ సంగతి అక్కడితో ఆగిపోయింది.

ఏన్కూరు బడిలో టీచరుగా ఉన్న కూతురు కవిత ఊరుకోలేదు. తల్లిని తండా మాటలో యాడి అనేది.

"బాపూ, నువ్వు చెప్తే యాడి తీస్తది. ఒక్క మాట చెప్పు."

"ఎట్ల చెప్పాలె బిడ్డా? మీ యాడి మనసు ఇరగదా?"

విరిగేది ఎవరి మనసో అతనికి తెలుసు. ఆ గాజులు తీస్తే నిజంగానే తాను పోతానేమోనని లోపల పిరికితనం. పండుగ కానీ అన్నాడు, మిరప కోత కానీ అన్నాడు. అంతటి మాటకారికి ఆ ఒక్క మాట నోట్లోంచి ఊడిపడలేదు.

కాయలు కల్లాల్లో ఎండుతున్న రోజుల్లో జమ్లికి చలిజ్వరం వచ్చింది. గొట్టం దగ్గర చీము పట్టింది. ఖమ్మం చేర్చేసరికి తెలివి లేదు. చేతులు ఉబ్బి గాజులు కండలోకి దిగాయి. నర్సు ఎవరినీ అడగలేదు. ఒక్కొక్కటే కత్తిరించి, గుడ్డలో చుట్టి రూప్‌సింగ్ చేతిలో పెట్టింది.

అతను వరండాలో గుండె మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. ఏదో అవుతుందని చూశాడు. ఏమీ కాలేదు. కవిత చాయ్ తెస్తే తాగాడు కూడా.

"చీము గుండె దాకా పాకింది. ఇక ఫిస్టులా ఆపరేషన్ కూడా చెయ్యలేం. దగ్గరే ఉండండి," అంది డాక్టరమ్మ.

సాయంత్రం జమ్లి కళ్లు తెరిచింది. బోసి చేతులు చూసుకుంది. ఉలిక్కిపడి మొగుడి కోసం వెతికింది.

"నువ్వు... మంచిగనే ఉన్నవా?"

"అవ్ జమ్లీ, మంచిగనే ఉన్న. నాకేం కాలే."

ఆమె నెమ్మదించి కళ్లు మూసుకుంది. రూప్‌సింగ్ ఆ బోసి చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నాకేం కాదు, తీసెయ్యి అని ఆనాడే అని ఉంటే సరిపోయేది.