ఫొటోల గౌను

నేను ఒక చిరుగుల గౌనుని. చెల్లని నాణేలు, తుప్పు పట్టిన సైకిళ్ళు కూడా తమ కథను మీసం మెలేసి చెప్పుకుంటాయి. నాకు ఆ ముఖం లేదు. ప్రస్తుతం రాళ్ళపాడు చర్చి పక్కనున్న పాత అనాథాశ్రమంలో నన్ను అద్దాల పెట్టెలో పెట్టి, పైన ఒక దీపం కూడా వెలిగించారు. చూసినవాళ్ళు పక్కనున్న బోర్డు చదవకముందే "అయ్యో పాపం" అంటారు. అన్నప్పుడల్లా నాకు సిగ్గుతో చచ్చినంత పనవుతుంది. నా చిరుగులు పేదరికం వల్ల వచ్చాయని వాళ్ళు అనుకుంటారు. అవి కత్తెరతో చేసిన చిరుగులు.

ముందు ఆ చర్చి సంగతి చెప్పాలి. నూట యాభై ఏళ్ళ కిందట, ధాత కరువు రోజుల్లో, రాళ్ళు మోసినవాళ్ళకు గంజి పోసి దొరలు కట్టించారట. నల్లరాతి గోడలు, అరచేతులు జోడించినట్టు కోసుగా లేచే కమానులు, ఇంగ్లీషు సీమ నుంచి గడ్డిలో చుట్టి ఓడలో తెచ్చిన రంగుటద్దాలు. ఊళ్ళో దాన్ని దొరల గుడి అనేవారు. ఆ రాళ్ళు మోస్తూ పోయినవాళ్ళ పిల్లల కోసమే పక్కన ఆశ్రమం లేచింది. గుడి ముందు పుట్టింది, అనాథలు దాని వెనక పుట్టారు అని ఆశ్రమం కుట్టుగదిలో ఆడవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకునేవారు.

నేనూ ఆ కుట్టుగదిలోనే పుట్టాను. అరవై ఏడేళ్ళయింది. అక్కడ కుట్టుపని చేసే ఎస్తేరమ్మ ఆ ఏడాది క్రిస్మస్‌కు నలభై మంది పిల్లలకు నలభై గౌన్లు కుట్టింది. ముప్ఫై తొమ్మిదీ గబగబా కుట్టి, నా దగ్గరికి వచ్చేసరికి చేయి నెమ్మదించింది. నన్ను తొడుక్కోవలసిన ఎనిమిదేళ్ళ లేయ ఆమె కడుపున పుట్టిన పిల్ల మరి. మొగుడు రాళ్ళ క్వారీలో పోయాక, తల్లీ తండ్రీ లేని పిల్లల్నే చేర్చుకుంటారని తెలిసి, ఎవరూ లేరని చెప్పించి పిల్లను ఇక్కడ చేర్చింది. నెల తిరగకుండా తానూ ఒంటి మనిషినని చెప్పి పనిలో చేరింది.

"అందరి ముందర నన్ను అమ్మా అనమాక," అనేది లేయతో, నాకు గుండీలు కుడుతూ.

"మరేమనాలి?"

"అక్కా అను. అందరూ అంటన్నారుగా. తెలిస్తే నిన్ను బయటికి పంపేస్తారు. యాడ పెట్టి సాకను నిన్ను?"

డిసెంబరు మొదట్లో ఆశ్రమం చూసుకునే దొరసానమ్మ ఒక ఫొటోగ్రాఫరును పిలిపించింది. సీమలోని దాతలకు ఫొటోలు పంపాలి. ఆమె చెడ్డ మనిషి కాదు, ఆ ఫొటోల పుణ్యమా అనే పిల్లలకు బియ్యం వచ్చేవి. చిక్కల్లా ఏమిటంటే, పిల్లలు నూనె రాసిన జడలతో, నిండు బుగ్గలతో ఉన్నారు. కడుపు నిండిన పిల్లను చూసి సముద్రం అవతల ఎవరు కన్నీళ్ళు పెట్టుకుంటారు? చిరిగిన గౌను ఒకటి తెమ్మంది. ఆశ్రమమంతా గాలించినా దొరకలేదు. ఎస్తేరమ్మ ఉండగా ఎక్కడా చిరుగు నిలిచేది కాదు. దొరసానమ్మ చూపు బల్ల మీదున్న నా మీద పడింది.

"దీన్ని చింపు ఎస్తేరు. ఒక్క ఫొటోకే. తర్వాత కుట్టేద్దువుగాని."

కుట్టిన చేతులతోనే ఎస్తేరమ్మ నన్ను భుజం దగ్గరా, నడుము దగ్గరా కత్తిరించింది. లేయ జడ విప్పి, బుగ్గలకు మట్టి రాశారు. ఫొటో కింద రాయడానికి దొరసానమ్మ అడిగింది: "నీకెవరున్నారు పాపా?"

లేయ తల్లి వంక చూసింది. కత్తెర పట్టుకుని నిలబడ్డ తల్లి తల అడ్డంగా ఊపింది.

"ఎవరూ లేరండీ," అంది పిల్ల. ఆ మాటకు ఒక బిస్కట్టు దొరికింది.

ఆ ఫొటో సీమలో బాగా పండిందట. దాంతో నన్ను కుట్టనివ్వలేదు. ఉతికి, ఇస్త్రీ చేసి, ఫొటోల గౌను అని పేరు పెట్టి ట్రంకు పెట్టెలో దాచారు. కొత్త పిల్ల వచ్చినప్పుడల్లా తీసి తొడిగేవారు. చిరుగులకు ఇస్త్రీ చేయడం మనుషులకే చెల్లింది. ఆ క్రిస్మస్‌కు లేయ పాత గౌనే వేసుకుంది.

ఎవరు చూడ్డానికి వచ్చినా లేయను నిలబెట్టేవారు. "ఎవరూ లేరండీ" అన్న మాట ఆమె నోటికి పట్టేసింది. పెద్దదై, అనాథ అన్న కారణం మీదే టీచరు ట్రైనింగులో సీటు తెచ్చుకుంది. ఆమె అక్కడ ఉండగా ఎస్తేరమ్మ జ్వరంతో పోయింది. సమాధి దగ్గర పాస్టరు, "ఈ సహోదరికి వెనకా ముందూ ఎవరూ లేరు" అన్నాడట. కబురందుకుని వచ్చి ఆశ్రమం పిల్లల వరుసలో నిలబడ్డ లేయ నోరు మెదపలేదట. తన వంతు వచ్చినప్పుడు అందరితోపాటు పిడికెడు మన్ను వేసి పక్కకు తప్పుకుందట. కుట్టుగదిలో చెప్పుకుంటుంటే పెట్టెలోంచి విన్నాను. నిజం తెలిసినవాళ్ళం మేమిద్దరమే. ఇద్దరం తేలు కుట్టిన దొంగల్లా ఊరుకున్నాం. నా సిగ్గంతా అదే.

ఆశ్రమం మూతపడింది. ఇప్పుడు దాన్ని వారసత్వ కట్టడం అని పిలిచి, ప్రదర్శనశాల చేశారు. దాన్ని చూసుకునే కిరణ్మయి అనే అమ్మాయి నా పక్కన ఆ పాత ఫొటో పెట్టి, "ఆశ్రమానికి వచ్చిన రోజున ఒక అనాథ బాలిక ఒంటిమీది గౌను" అని బోర్డు రాయించింది. ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథిగా రిటైరైన హెడ్మిస్ట్రెస్ లేయమ్మను పిలిచింది.

లేయమ్మ సభకు ముందే వచ్చింది. నా ఎదుట నిలబడింది.

"ఫొటోలో ఉన్నది మీరేనట కదా మేడం," అంది కిరణ్మయి ఉత్సాహంగా. "సభలో నాలుగు మాటలు చెప్పాలి. ఎవరూ లేని పిల్ల హెడ్మిస్ట్రెస్ అయిన కథ."

"పెట్టె తెరువమ్మా."

"ముట్టుకోకూడదండీ, గుడ్డ చీకిపోయింది."

"నా గౌనమ్మా అది."

కిరణ్మయి తాళం తీసింది. లేయమ్మ నా చిరుగుల వంక చూడనే లేదు. వంగి, నా అంచును తిరగేసింది. లోపల నాలుగు వేళ్ళ వెడల్పున మడత ఉంది.

"చూడు. పెరిగే పిల్లని ఇంత గుడ్డ లోపలికి మడిచి కుట్టింది. మిగతా పిల్లలకు ఇట్టా కుట్టేవాళ్ళు కాదు, పొట్టయితే కిందిపిల్లకు ఇచ్చేవాళ్ళు. ఇది మా అమ్మ కుట్టింది. ఎస్తేరమ్మ. నాకు అమ్మ ఉండేదమ్మా. మన్ను వేసేటప్పుడు కూడా నేను ఆ మాట అనలేదు."

కిరణ్మయి బోర్డు ఊడదీసింది.

"ఏం రాయమంటారండీ?"

"ఎస్తేరమ్మ తన కూతురు లేయకు కుట్టిన గౌను అని రాయి."

"మరి ఈ చిరుగులు? ఎవరు చింపారని రాయను?"

బయట మైకు సరిచేస్తున్నారు. లేయమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"నేనని రాయమ్మా."

కత్తెర పట్టింది ఆమె కాదని నాకు తెలుసు. ఆమె వేళ్ళు నా మడత మీదే ఉన్నాయి. దాన్ని విప్పి వదిలి ఉంటే, పదకొండో ఏడు దాకా ఆ పిల్లకు సరిపోయేదాన్ని.